మెడ, భుజాల నొప్పికి ఏ సాగదీత మేలు?

తెల్లవారుజామున గడివేముల మండలంలో ఏ పాలకేంద్రం ముందైనా కాసేపు నిలబడండి. పాలు పోసి, ఖాళీ చెంబు చంకన పెట్టుకొని, బొటనవేలితో మెడ వెనుక ఒత్తుకుంటూ ఇంటిదారి పట్టేవారు ఒకరిద్దరైనా కనిపిస్తారు. "మెడ పట్టేసింది", "జబ్బ లాగుతా ఉంది", "చెయ్యి పైకి లేవడం లేదు" అనే మాటలు వెన్న శాతం మాటలతో పాటు వినిపిస్తూనే ఉంటాయి.

పశువుకు జబ్బు చేస్తే వెంటనే పశువైద్యుణ్ణి పిలుస్తాము. పాలు పిండే చేతికి నొప్పి వస్తే మాత్రం కాస్త బామ్ రాసుకొని ఊరుకుంటాము. నిజానికి ఈ రెండింటికీ సంబంధం ఉన్నది. భుజం సరిగా లేవని రోజున పాలు త్వరగా, పూర్తిగా పిండడం కష్టం. పశువు చేపిన తర్వాత ఆరేడు నిమిషాలలో పిండడం పూర్తి కాకపోతే మిగతా పాలు పొదుగులోనే నిలిచిపోతాయి. రోజూ ఇట్లా మిగిలితే దిగుబడి తగ్గుతుంది. పొదుగువాపు మొదలైన పశువులో వ్యాధి ముదురుతుంది. ఇంట్లో పాలు పిండే మనిషి ఒక్కరే అయితే, నొప్పి ఓర్చుకోలేక చివరకు ఎనుమును అమ్ముకొనే పరిస్థితి కూడా రావచ్చు. కాబట్టి మెడనొప్పి ఒక మనిషి ఒంటి బాధతో ఆగేది కాదు. ఆ ఇంటి పాల ఆదాయానికీ తగిలే విషయం అది.

ఈ నొప్పికి సలహాలకు కొదవ లేదు. ఒకరు మెడను అటూ ఇటూ ఊపమంటారు. ఒకరు వంచి పట్టుకొమ్మంటారు. ఇంకొకరు సెలూన్‌లో మెడ విరిపించుకొమ్మంటారు. వీటిలో ఏది చేయాలి, ఏది చేయకూడదు, ఏది చేస్తే ఎంత ఫలితం వస్తుంది అనేది ఈ పాఠంలో పోల్చి చూద్దాము. మేము ఇక్కడ చెప్పేది మూడు నెలలకు మించి వేధిస్తున్న కండరాల నొప్పిని గురించి మాత్రమే. డాక్టరుకు చూపించి తీరవలసిన నొప్పులు వేరే ఉన్నాయి. వాటిని పాఠం చివర ఇచ్చాము. వ్యాయామం మొదలుపెట్టక ముందే ఆ భాగం చదవండి.

నొప్పి పుట్టే చోటు

మన తల బరువు సుమారు 5 కిలోలు. తల నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువు వెన్నెముక మీద నిలుస్తుంది. తల ముందుకు వంగేకొద్దీ దానిని పట్టి నిలిపే పని మెడ వెనుక కండరాల మీద పడుతుంది. 2014లో అమెరికాలో ఒక వెన్నెముక శస్త్రవైద్యుడు వేసిన లెక్క ప్రకారం తల 30 డిగ్రీలు వంగితే మెడ మీద భారం సుమారు 18 కిలోలు, 60 డిగ్రీలు వంగితే సుమారు 27 కిలోలు. ఇది మనుషుల మీద కొలిచిన అంకె కాదు, నమూనా మీద కట్టిన లెక్క. అయినా వంగిన తల మెడకు ఎంత పని పెడుతుందో తెలుసుకోవడానికి పనికివస్తుంది.

ఇప్పుడు మన రోజు పనిని గుర్తుచేసుకోండి. గొంతుక్కూర్చొని తల వంచి పాలు పిండుతాము. వంగి పచ్చిగడ్డి కోస్తాము. తడి మోపును తలమీద పెట్టుకొని ఇంటికి తెస్తాము. జొన్నచొప్ప నరుకుతాము, పేడ ఎత్తుతాము. పాలకేంద్రంలో కార్యదర్శి తల వంచుకొని చిట్టా రాస్తాడు. పాలు లీటరుకు సుమారు 1.03 కిలోలు తూగుతాయి. కాబట్టి నిండు 40 లీటర్ల క్యానులో పాల బరువే 41 కిలోలు దాటుతుంది, క్యాను బరువు దానికి అదనం. దానిని ఒక్కడే బండిలోకి ఎత్తితే ఆ బరువంతా చేతుల నుంచి భుజాలకు, భుజాల నుంచి మెడకు చేరుతుంది. ఇవన్నీ చాలక రాత్రిపూట తల కింద రెండు దిండ్లు పెట్టుకొని సెల్‌ఫోను చూడడం ఒకటి.

ఈ పనులలో ముఖ్యంగా మూడు కండరాలు అలసిపోతాయి, లేదా బిగిసిపోతాయి.

మొదటిది, తల వెనుక ఎముక నుంచి మెడ పక్కగా దిగి భుజం కొసవరకు పరచుకొని ఉండే వెడల్పాటి కండరం. కావడి బద్ద ఆనేది దీనిమీదనే. వైద్యులు దీనిని ట్రపీజియస్ అంటారు.

రెండవది, మెడ పక్క ఎముకల నుంచి వీపుమీద రెక్కలా ఉండే ఎముక పై మూలకు దిగే సన్నని కండరం. దీని పేరు లివేటర్ స్కాపులే. "తల పక్కకు తిప్పలేకపోతున్నాను" అన్నప్పుడు చాలాసార్లు బిగిసి ఉండేది ఇదే.

మూడవది, రొమ్ము ముందు కండరం. ఇది సాధారణంగా నొప్పి పెట్టదు. కాని ఎప్పుడూ ముందుకు వంగి పనిచేసేవారిలో బిగుసుకొని భుజాలను ముందుకు లాగుతుంది. అప్పుడు వెనుకవైపు కండరాలకు విశ్రాంతి దొరకదు. నొప్పి వెనుక ఉన్నదని వెనుకనే సాగదీస్తే సగం పనే అవుతుంది.

సాగదీస్తే లోపల ఏమవుతుంది?

కండరం తాడులాంటిదని, గట్టిగా లాగితే పొడవవుతుందని చాలామంది అనుకుంటారు. కొన్ని వారాలపాటు సాగదీసినవారిని పరిశీలిస్తే తేలింది వేరు. మెడ ఎక్కువగా తిరగడానికి ముఖ్య కారణం కండరం పొడవు పెరగడం కాదు, ఆ లాగుడుకు నాడులు అలవాటు పడడం. ఇంతకుముందు నొప్పి అనిపించిన చోటనే ఇప్పుడు ఓర్చుకోగలుగుతాము.

తొలిచూలు ఎనుము సంగతి మనకందరికీ తెలిసిందే. మొదటిరోజు పొదుగు మీద చెయ్యి వేస్తే తన్నుతుంది. కాళ్ళకు బందం వేసి బలవంతం చేస్తే ఇంకా బెదిరి పాలు ఎగబడుతుంది. రోజూ ఒకే వేళకు, మెల్లగా, నిమిరి చెయ్యి వేస్తుంటే కొద్ది రోజులకు తానే చేపుతుంది. కండరమూ అంతే. విసురుగా లాగితే తనను తాను కాపాడుకోవడానికి ఎదురు బిగుసుకుంటుంది. మెల్లగా లాగి నిలిపితే క్రమంగా వదులవుతుంది.

దీనినుంచి రెండు సూత్రాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, లాగుతున్నట్లు తెలియాలి గాని నొప్పి పెట్టకూడదు. రెండు, వారానికి ఒకరోజు గంటసేపు చేయడం కంటె రోజూ ఐదారు నిమిషాలు చేయడం మేలు.

నాలుగు పద్ధతులు

1. వంచి నిలిపే పద్ధతి: మెడను ఒక పక్కకు మెల్లగా వంచి, లాగుడు తెలిసినచోట ఆపి, 15 నుంచి 30 సెకన్లు అక్కడే నిలపాలి. ఊపిరి మామూలుగా తీసుకుంటూ ఉండాలి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ అనే సంస్థ పెద్దవారికి ఒక్కొక్కసారి 10 నుంచి 30 సెకన్లు, వృద్ధులకు 30 నుంచి 60 సెకన్లు నిలపమని, ఒక్కొక్క వ్యాయామానికి మొత్తం 60 సెకన్లు వచ్చేలా చూసుకొమ్మని సూచిస్తుంది. ఈ పద్ధతికి ఎవరి సహాయమూ అక్కరలేదు, పైసా ఖర్చు లేదు, పొరపాటు జరిగే అవకాశం తక్కువ. ఫలితం మాత్రం నిదానంగా వస్తుంది. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి.

2. బిగించి, వదిలి, సాగదీసే పద్ధతి: 1940లలో అమెరికాలో డాక్టర్ హెర్మన్ కాబట్, ఫిజియోథెరపిస్టు మార్గరెట్ నాట్ పక్షవాతపు రోగులకోసం రూపొందించిన చికిత్సలో దీని మూలం ఉన్నది. దీనికి దగ్గరి మెత్తని పద్ధతిని కండరాల నొప్పులకు వాడే తీరును చెకొస్లొవేకియా వైద్యుడు కారెల్ లెవిట్, డేవిడ్ సైమన్స్ కలిసి 1984లో వివరించారు. మెడను ఎడమకు వంచినప్పుడు ఎడమ చేతిని తల పైనుంచి కుడి చెవి మీదికి తెచ్చి ఆనించాలి. తలతో ఆ చేతిని కుడివైపుకు మెల్లగా నెట్టాలి. మన బలంలో ఐదోవంతు చాలు. చెయ్యి అడ్డు ఉంటుంది గనుక తల కదలదు. 5 సెకన్లు నెట్టి, ఊపిరి విడుస్తూ వదిలేసి, ఇంకొంచెం వంగినచోట 15 సెకన్లు నిలపాలి. మూడుసార్లు చేయాలి. బిగుసుకొన్న మెడ అప్పటికప్పుడు వదులు కావడానికి ఇది బాగా పనిచేస్తుంది. అయితే మొదటిసారి తెలిసినవారు చూపించాలి. పంతంగా గట్టిగా నెడితే నొప్పి పెరుగుతుంది. రక్తపోటు ఉన్నవారు నెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టరాదు.

3. కదిలించే పద్ధతి: ఇందులో మంచిదీ ఉంది, చెడ్డదీ ఉంది. భుజాలను మెల్లగా వెనక్కి గుండ్రంగా తిప్పడం, తలను నిదానంగా కుడికి ఎడమకు తిప్పి చూడడం మంచివి. పాలు పిండడానికి కూర్చోకముందు, మోపు ఎత్తకముందు ఒక నిమిషం ఇట్లా చేస్తే కండరాలు పనికి సిద్ధమవుతాయి. తలను విసురుగా ఊపడం, గిర్రున తిప్పడం, కుదుపుతో వంచడం మానుకోవాలి. కుదుపు పడ్డ కండరం ఎదురు బిగుసుకుంటుందని పైన చెప్పుకున్నాము.

4. ఇతరులచేత లాగించుకొనే పద్ధతి: శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు మెడను పరీక్షించి, చేతులతో సాగదీసే చికిత్స చేస్తే మేలు కలుగుతుంది. సెలూన్‌లో తల పట్టుకొని ఒక్క విసురుతో తిప్పి మెటిక విరిపించుకోవడం వేరు. మెదడుకు రక్తం తీసుకుపోయే ధమనులలో రెండు మెడ ఎముకల రంధ్రాల గుండా పోతాయి. హఠాత్తుగా మెడ తిప్పినప్పుడు ఆ ధమని లోపలి పొర చిరిగి, రక్తం గడ్డకట్టి, పక్షవాతం వచ్చిన సందర్భాలు వైద్యశాస్త్రంలో నమోదై ఉన్నాయి. అవి అరుదే. కాని పది రూపాయల సుఖానికి అంత ముప్పు ఎందుకు? ఠక్కున చప్పుడు వస్తే నరం సర్దుకున్నదని అనుకుంటారు. ఆ చప్పుడు కీలులోని జిగురు ద్రవంలో వాయువు కదలికవల్ల వచ్చేది, నరానికి దానితో సంబంధం లేదు.

మొత్తంమీద పోల్చితే, మొదటి రెండు పద్ధతులూ మంచివే. కొన్ని వారాలపాటు క్రమంగా చేస్తే రెండింటి ఫలితానికీ పెద్ద తేడా కనిపించదు. కాబట్టి మొదటి పద్ధతితో మొదలుపెట్టండి. రెండు వారాల తర్వాత కూడా ఒక పక్క బిగువు వదలకపోతే ఆ పక్కకు రెండవ పద్ధతి చేయండి. మూడవ పద్ధతిలోని నిదానపు కదలికలను పనికి ముందు వాడుకోండి. నాలుగవది శిక్షణ పొందినవారి చేతిలో తప్ప వద్దు.

ఫిన్లాండులో చేసి చూసినది

ఫిన్లాండు మనలాగే పాల సహకార సంఘాలు ఉన్న దేశం. అక్కడి వాలియో సహకార సంస్థ 1905లో ఏర్పడింది. మెడనొప్పికి వ్యాయామం మీద బాగా జరిగిన పరిశోధనలు కొన్ని ఆ దేశంలోనివే.

2007లో ప్రకటించిన ఒక పరిశోధనలో మెడనొప్పి ఉన్న 125 మంది స్త్రీలను రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు వారానికి రెండుసార్లు నిపుణుల చేతి చికిత్స చేశారు. రెండవ జట్టు వారానికి ఐదుసార్లు తామే సాగదీసే వ్యాయామం చేశారు. మొదట్లో 100కు 50గా ఉన్న నొప్పి, నాలుగు వారాలలో చేతి చికిత్స జట్టులో 26, వ్యాయామం జట్టులో 19 తగ్గింది. రెండింటి మధ్య తేడా లెక్కకు నిలిచేటంత లేదని తేల్చారు. ఇంటి అరుగు మీద కూర్చొని ఖర్చు లేకుండా చేసుకొనే పని నిపుణుల చేతి చికిత్సకు అంత దగ్గరగా రావడం గమనించవలసిన విషయం.

అంతకుముందు 2003లో ప్రకటించిన మరో పరిశోధనలో 180 మంది స్త్రీలు పాల్గొన్నారు. అందరికీ సాగదీసే వ్యాయామం చెప్పారు. ఒక జట్టుకు దానితో పాటు రబ్బరు పట్టీ, బరువులతో మెడ, భుజాల బలం పెంచే వ్యాయామం నేర్పారు. ఇంకొక జట్టుకు తేలిక బరువులతో ఓర్పు పెంచే వ్యాయామం నేర్పారు. ఏడాది తర్వాత నొప్పి బాగా తగ్గినవారు లేక పూర్తిగా పోయినవారు బలం జట్టులో 73 శాతం, ఓర్పు జట్టులో 59 శాతం, ఈ రెండూ చేయని జట్టులో 21 శాతం. 2015లో ఇటువంటి పరిశోధనలన్నింటినీ కలిపి సమీక్షించిన కాక్రేన్ సంస్థ వారు కూడా సాగదీయడం ఒక్కటే సరిపోదన్న అభిప్రాయానికే వచ్చారు.

ఇంకొక పరిశోధన 2008లో వెలువడింది. 101 మందిలో సగంమందికి బలం పెంచే వ్యాయామంతో పాటు సాగదీత, మిగతావారికి సాగదీత మాత్రమే చెప్పి, ఇంటి దగ్గర చేసుకొమ్మన్నారు. ఏడాదికి రెండు జట్ల మధ్య తేడా కనిపించలేదు. చాలామంది ఇంటి దగ్గర క్రమంగా చేయలేదని కూడా ఆ పరిశోధకులే రాశారు. చీటీ మీద ఉన్న వ్యాయామం ఒంటికి చేరలేదన్నమాట.

ఈ పరిశోధనలలో 2003 నాటివారు కార్యాలయాలలో పనిచేసే స్త్రీలు. మన సభ్యులు కండబలంతో బ్రతికేవారు. కాబట్టి ఆ శాతాలే మనకూ వస్తాయని మేము చెప్పడం లేదు. దారి మాత్రం తెలుస్తున్నది. సాగదీత నొప్పిని తగ్గించి మెడను కదిలేటట్లు చేస్తుంది. బలం పెంచే వ్యాయామం ఆ మేలును నిలుపుతుంది. క్రమం తప్పితే రెండూ పనిచేయవు.

చేసే విధానం

సాయంత్రం పాలు పోసి వచ్చిన తర్వాత గాని, వేడినీళ్ళ స్నానం తర్వాత గాని చేయండి. నిద్రలేచిన వెంటనే వద్దు. అరుగు మీదనో, కుర్చీలోనో వీపు నిటారుగా పెట్టి కూర్చోండి.

(అ) పక్కకు వంచడం: కుడి చేతితో అరుగు అంచు పట్టుకోండి. అప్పుడు కుడి భుజం పైకి లేవదు. ఎడమ చెవి ఎడమ భుజం వైపు వచ్చేటట్లు తలను మెల్లగా వంచండి. భుజాన్ని చెవి దగ్గరికి తేవద్దు, చెవినే భుజం వైపు తీసుకుపోవాలి. 20 సెకన్లు నిలపండి. మూడుసార్లు. తర్వాత రెండవ పక్క.

(ఆ) చంక వైపు చూడడం: తలను ఎడమకు సగం తిప్పండి. చంకను వాసన చూస్తున్నట్లు గడ్డాన్ని కిందికి దించండి. ఎడమ చేతిని తల వెనుక ఊరకే ఉంచండి. చేతి బరువు చాలు, లాగవద్దు. మెడ వెనుక కుడి పక్కన లాగుడు తెలుస్తుంది. 20 సెకన్లు, మూడుసార్లు, రెండు పక్కలా.

(ఇ) గుమ్మం దగ్గర: వాకిలి ద్వారబంధానికి రెండు ముంజేతులూ ఆనించండి. మోచేతులు భుజాల కంటె కొంచెం కిందుగా ఉండాలి. ఒక కాలు ముందుకు వేసి, రొమ్ము ముందు లాగుడు తెలిసేవరకు ఒంటిని ముందుకు తీసుకుపోండి. 20 సెకన్లు, మూడుసార్లు.

(ఈ) గడ్డం వెనక్కి జరపడం: గోడకు వీపు ఆనించి నిలబడండి. తల పైకెత్తకుండా, కిందికి వంచకుండా గడ్డాన్ని తిన్నగా వెనక్కి జరపండి. 5 సెకన్లు పట్టి వదలండి. పదిసార్లు. ఇది మెడ లోపలి కండరాలకు బలం కూడా ఇస్తుంది.

లెక్క చూడండి. మొదటి రెండూ రెండేసి నిమిషాలు, తర్వాతి రెండూ ఒక్కొక్క నిమిషం. మొత్తం 6 నిమిషాలు.

బలం పెంచే వ్యాయామాలను వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు చేయండి. పాత సైకిల్ ట్యూబును కొట్టం గుంజకు నడుము ఎత్తున గట్టిగా కట్టి, రెండు కొసలూ పట్టుకొని, మోచేతులు ఒంటికి ఆనుతూ వెనక్కి పోయేటట్లు లాగండి. వీపుమీది రెక్క ఎముకలు రెండూ దగ్గరికి రావాలి. ఇట్లా 10 నుంచి 12 సార్లు, రెండు విడతలు. ట్యూబు పగుళ్ళు లేకుండా ఉండాలి. లీటరు నీళ్ళ సీసా నింపితే ఒక కిలో బరువు. చేతికొకటి పట్టుకొని భుజాలను చెవులవైపు ఎత్తి మెల్లగా దించండి. ఇదీ 10 నుంచి 12 సార్లు, రెండు విడతలు. ఆఖరున అరచేతిని నుదుటికి, తల వెనుకకు, రెండు పక్కలకు వరుసగా ఆనించి, తల కదలకుండా 5 సెకన్ల చొప్పున మెల్లగా నెట్టండి.

"రోజంతా మోపులు మోస్తూనే ఉన్నాము, ఇంకా బలమెందుకు?" అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన పనిలో ముందుకు వంగే కదలికే ఎక్కువ. భుజాలను వెనక్కి పట్టే కండరాలకు, మెడ లోపలి కండరాలకు పని తక్కువ. అలసినవి అలసిపోతూనే ఉంటాయి, పనిలేనివి బలహీనపడతాయి. పై వ్యాయామాలు ఆ రెండవ రకానికి. వరికోతల రోజులలో ఒళ్ళు పూర్తిగా అలసి ఉన్నప్పుడు బలం వ్యాయామం ఆపి, సాగదీత మాత్రం కొనసాగించండి.

పనిలో చేసుకోవలసిన మార్పులు

రోజూ నొప్పి తెచ్చే పని అలాగే ఉంటే వ్యాయామం ఒకవైపు కడుగుతుంటే మరోవైపు బురద పడుతున్నట్లే.

పాలు పిండేటప్పుడు చిన్న పీట మీద, పశువుకు బాగా దగ్గరగా కూర్చోండి. దూరంగా కూర్చొని చేతులు చాస్తే భారమంతా భుజాల మీద పడుతుంది. బొటనవేలు మడిచి పిండడం మాని గుప్పిట పద్ధతిలో పిండండి. చనుకట్లకు దెబ్బ తగలదు, చేతికీ శ్రమ తగ్గుతుంది. కోసిన పచ్చిగడ్డిని కాసేపు ఆరనిచ్చి మోపు కట్టండి. పెద్ద మోపు ఒకటికి బదులు చిన్నవి రెండు చేయండి, వీలైతే సైకిలు మీదనో, బండి మీదనో తీసుకురండి. తలకెత్తుకొనేటప్పుడు ఇంకొకరి చెయ్యి అడగండి.

పాలకేంద్రంలో నిండు క్యానును ఎప్పుడూ ఇద్దరే ఎత్తాలి. పాలబండి ఎత్తుకు సరిపోయే అరుగు కట్టించుకుంటే ఎత్తే పనే తగ్గుతుంది. ఇది పాలకవర్గం తీర్మానించవలసిన విషయం. కార్యదర్శి చిట్టాబల్ల ఎత్తు పెంచుకొని, అరగంటకొకసారి లేచి భుజాలు తిప్పాలి. పడుకొనేటప్పుడు ఒక దిండు చాలు.

ఉప్పు మూట కాపడం, వావిలాకు నీళ్ళ కాపడం కొంతసేపు ఉపశమనం ఇస్తాయి. సాగదీయడానికి ముందు పెట్టుకుంటే మంచిదే. మధుమేహం వల్ల చర్మానికి స్పర్శ తగ్గినవారు వేడిని ముందు ఇంకొకరి చేతితో చూపించుకోవాలి.

వెంటనే డాక్టరుకు చూపించవలసినవి

కింది లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా వ్యాయామం చేయవద్దు.

నొప్పి మోచేయి దాటి వేళ్ళవరకు దిగడం, వేళ్ళు తిమ్మిరెక్కడం, చెంబు జారిపోయేటంతగా పట్టు తగ్గడం. నడక తడబడడం, మలమూత్రాలు ఆపుకోలేకపోవడం. కింద పడిన తర్వాత గాని, ఎనుము పొడిచిన తర్వాత గాని వచ్చిన మెడనొప్పి. కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి నిద్రపట్టనివ్వని నొప్పి. తల తిప్పితే కళ్ళు తిరగడం, చూపు రెండుగా కనిపించడం. తీవ్రమైన తలనొప్పితో, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం.

ఎడమ భుజం, మెడ, దవడ నొప్పితో పాటు రొమ్ములో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండెపోటు కావచ్చు. బామ్ రాస్తూ కూర్చోక వెంటనే 108కి ఫోను చేయండి.

పాడి రైతులు ప్రత్యేకంగా గమనించవలసినది ఇంకొకటి ఉన్నది. వచ్చిపోయే జ్వరం, రాత్రి చెమటలు, నీరసంతో పాటు కీళ్ళు, కండరాలు నొప్పిగా ఉంటే, మీ కొట్టంలో ఏదైనా పశువు ఈసుకుపోయిందా అని గుర్తుచేసుకొని డాక్టరుకు చెప్పండి. పశువులలో ఈసుకుపోవడానికి కారణమయ్యే బ్రూసెల్లోసిస్ వ్యాధి మనుషులకూ సోకుతుంది. మాయను, ఈసుకుపోయిన దూడను ఒట్టి చేతులతో ముట్టుకోవడం వల్ల, కాచని పాలు తాగడం వల్ల వస్తుంది. దానికి రక్తపరీక్ష, మందులు కావాలి. ఏ సాగదీతా దానిని తగ్గించలేదు.

మధుమేహం ఉన్నవారిలో భుజం అన్నివైపులా బిగుసుకొని, జుట్టు దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవకపోతే అది వేరే జబ్బు. దానికి వేరే చికిత్స ఉన్నది.

ఆరు వారాలు చేసి చూడండి

పాల పాస్‌బుక్కు ఆఖరి పేజీలో ఈ రోజు తేదీ వేసి, మీ నొప్పికి 10కి ఎన్ని మార్కులో రాసుకోండి. తల కుడికి, ఎడమకు ఎంతవరకు తిరుగుతున్నదో కూడా రాయండి. చేసిన రోజున ఒక గీత పెట్టండి. ఆరు వారాల తర్వాత మళ్ళీ మార్కులు వేయండి. వారానికి ఐదు గీతలకు తగ్గకుండా ఉండీ నొప్పి తగ్గకపోతే గడివేముల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించి, అవసరమైతే నంద్యాల ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. గీతలే లేకపోతే పద్ధతిని తప్పుపట్టే ముందు మనల్ని మనం అడగాలి.

సంఘ కార్యదర్శులకు ఒక మనవి. వచ్చే సభ్యుల సమావేశంలో పది నిమిషాలు ఈ పాఠానికి ఇవ్వండి. ఒకరు గట్టిగా చదువుతుంటే మిగతావారు చేయవచ్చు. పాలు పిండే అక్కచెల్లెళ్ళు సమావేశానికి రాలేకపోతే ఉదయం పాలు పోసే వేళ వరుసలో నిలబడినప్పుడే చూపించండి.

మననం చేసుకోండి

1. నొప్పి మెడ వెనుక ఉంటే రొమ్ము కండరాన్ని ఎందుకు సాగదీయాలి?
2. వంచి నిలిపేటప్పుడు ఒక్కొక్కసారి ఎన్ని సెకన్లు నిలపాలి? ఒక్కొక్క పక్కకు మొత్తం ఎంతసేపు?
3. బిగించి వదిలే పద్ధతిలో తలతో చేతిని ఎంత బలంతో నెట్టాలి?
4. సెలూన్‌లో మెడ విరిపించుకుంటే వచ్చే ముప్పు ఏమిటి?
5. ఒంటినొప్పులతో పాటు వచ్చిపోయే జ్వరం ఉంటే డాక్టరుకు కొట్టం సంగతి ఏమి చెప్పాలి?

జవాబులు పాఠంలోనే ఉన్నాయి. దొరకనివారు మళ్ళీ ఒకసారి చదవండి, చదువు రానివారికి చదివి వినిపించండి.